అమ్మకానికి పెట్టిన బాంజో

పోయిన వారం బాపట్ల నుంచి శుభస్వీకారం కార్డు వచ్చింది. అది చేతికందేదాకా ఆవిడ పోయిందని నాకు తెలియదు. కార్డులో ఆవిడ పేరు కంటే భర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఉత్తమ ఇల్లాలు, దైవభక్తురాలు, అతిథుల పాలిట అన్నపూర్ణ అని అచ్చువేయించారు. అన్నీ నిజమే. ఆవిడ చేతి గోంగూర పచ్చడి మూడేళ్ళు తిన్నదాన్ని, ఎలా కాదంటాను? అయినా కార్డు రెండువైపులా తిప్పి చూశాను. బాంజో మాట ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత, ఆ బాంజో ఆ ఇంట్లోంచి వెళ్ళిపోవడానికి కారణం నేనే కదా, నాకెందుకింత కోపం అనిపించి కార్డు పక్కన పెట్టాను.

పేరు నేనూ చెప్పను. అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. అరవైల్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, బాపట్ల ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరినప్పుడు వాళ్ళింట్లో వీధివైపు గది అద్దెకు తీసుకున్నాను. ఇంట్లో ఉండేది ముగ్గురే. ఇంటి యజమానురాలు మామ్మగారు, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఆవిడ కొడుకు, కోడలైన అక్కయ్యగారు. పిల్లల్లేరు.

బాంజో అనగానే టైపుమిషనులాగా మీటలు నొక్కి వాయించేది చాలామందికి గుర్తొస్తుంది. ఇది అది కాదు, దొరల బాంజో. డప్పుకు మెడ మొలిచినట్టు ఉండేది. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, చుట్టూ ఇత్తడి కొక్కేలు, మెడ మీద వీణకున్నట్టు మెట్లు, అక్కడక్కడ పొదిగిన ముత్యపుచిప్ప, నాలుగే నాలుగు తీగలు. అక్కయ్యగారి తండ్రి తెనాలి స్టేషన్లో గుమాస్తా. పక్క క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఈ పిల్లను చేరదీసి, ఎనిమిదో ఏట నుంచి పదహారో ఏటి దాకా బాంజో నేర్పాడట. స్వాతంత్ర్యం వచ్చాక దేశం వదిలి వెళ్ళిపోతూ దాన్ని ఆవిడ చేతిలోనే పెట్టి వెళ్ళాడు. మరుసటేడు పెళ్ళయింది. సారెతోపాటు బాంజో కూడా బాపట్ల చేరింది.

మామ్మగారు దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఆవిడ బాధ ఆవిడది. ఆవిడ భర్త తెనాలి నాటకసమాజాల వెంట హార్మోనియం మోసుకుంటూ తిరిగి, ఇల్లన్నది పట్టించుకోకుండా, దగ్గు ముదిరాక ఇంటికొచ్చి మంచమెక్కాడు. మళ్ళీ లేవలేదు. ఈ ఇంట్లో ఇక వాయిద్యం మోగకూడదని ఆవిడ ఆనాడే అనుకుంది. అయితే కోడలి పుట్టింటి సొమ్ము పారేయమనడానికి నోరు రాలేదు. ఉంచుకో, మోగించకు, అంది.

అక్కయ్యగారు ఉంచుకుంది. అలా ఉంచుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. మంగళవారం మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక అటక మీంచి దించి, పట్టుచీర ముక్క విప్పి, ఇత్తడి కొక్కేలను ఒక్కొక్కటిగా విభూదితో తోమేది. తీగలకు కొబ్బరినూనె చేయి తగిలించీ తగిలించనట్టు రాసి, వెంటనే తుడిచేసేది. తీగలు ఎప్పుడూ వదులు చేసే ఉంచేది. బిగించి వదిలేస్తే మెడ వంగిపోతుందట. వానాకాలం సముద్రపుగాలికి తోలు మెత్తబడకుండా పొయ్యి వెనక గోడకు అవతలివైపు గూట్లో పెట్టేది. తోలు ఒకసారి చిరిగితే తెనాలిలో మృదంగాలు చేసేవాళ్ళకు పంపి మేకతోలు వేయించుకుంది. ఇంత చేసీ ఒక్క తీగనూ మీటేది కాదు. చీరకొంగు తగిలి పొరపాటున ఏ తీగైనా పలికితే గబుక్కున దానిమీద అరచెయ్యి వేసేది.

వేళ్ళు మాత్రం మాట వినేవి కావు. పప్పుగుత్తి పట్టుకున్నా, అట్లకాడ పట్టుకున్నా, ఎడమచేతి వేళ్ళు దాని కాడ మీద పైకీ కిందికీ నడుస్తూ ఉండేవి. ఆ సంగతి ఆవిడకు తెలుసో తెలియదో. ఒకరోజు పులుసు కలుపుతూ గరిటె కాడ మీద ఏదో పెద్ద పాటే వాయించినట్టుంది, పులుసు అడుగంటింది. మామ్మగారు చీవాట్లు పెడుతుంటే తలొంచుకుని చప్పుడు కాకుండా నవ్వుకుంది. ఆవిడ నవ్వుకు ఎప్పుడూ చప్పుడుండేది కాదు. భుజాలు కదిలితే నవ్వుతోందని తెలుసుకోవాలి.

చేరిన కొత్తలో అడిగాను, ఎప్పుడైనా వాయిస్తారా అని.

"మా బాంజో పూజలో ఉందమ్మా," అంది.

మూలా నక్షత్రం నాడు పుస్తకాలు సరస్వతీపూజలో పెట్టేస్తే పిల్లలు ఆ రోజుకు చదువు ఎగ్గొట్టి ఆనందపడతారు కదా. ఆవిడ లెక్కన బాంజో పద్దెనిమిదేళ్ళుగా పూజలోనే ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ భుజాలు మాత్రం కదల్లేదు.

ఇక బేరాల సంగతి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, ఈపురుపాలెం నుంచి చర్చిలో పాటలు పాడే ఒకాయన, ఇలాంటి వాయిద్యం ఉందని ఎవరో చెబితే విని, అమ్ముతారేమో కనుక్కుందామని వచ్చాడట. వాయించి చూపించమన్నాడు. ఏం చెయ్యాలో తోచక అందరూ మామ్మగారి వైపు చూశారు. మామ్మగారు కర్లపాలెం దగ్గర పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. గేదెను అమ్మేటప్పుడు కొనేవాడి ముందు రెండు పూటలా పాలు పితికి చూపిస్తారు, చూపించకుండా అంటగట్టడం దొంగతనం, తన్నే గుణముంటే అదీ ముందే చెప్పాలి, దీనికీ అదే న్యాయం. కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాయించి చూపించాలి. లోపం ఉంటే దాచకుండా చెప్పాలి.

అలా తొమ్మిదేళ్ళ తర్వాత అక్కయ్యగారు వాయించింది. ఒకే రోజు రెండు పూటలా వాయించింది. సాయంత్రం పూట, ఆయన సంచీలోంచి డబ్బు తీయబోతుండగా, ఎండాకాలంలో దీని మెడ వంగుతుందండి అని చెప్పింది. ఆయన సంచీ మూసుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. చూశారా, నా కోడలి నోట అబద్ధం రాదు అని మామ్మగారు పదిళ్ళు తిరిగి చెప్పుకుందట. మర్నాడు అక్కయ్యగారు అత్తగారి దగ్గరకు వెళ్ళి, ఊరికే మూలపడి ఉండేకంటే బాంజోను అమ్మేద్దామండి అంది.

ఇది నాకు ఆలస్యంగా తెలిసిన సంగతే అయినా మీకు ముందే చెబుతున్నాను. ఆవిడ దాన్ని అమ్మకుండా ఉండడం కోసమే అమ్మకానికి పెట్టింది. బేరం వచ్చిన రోజే ఆవిడ వాయించే రోజు. బేరం కుదిరిందా, ఆ రోజు ఇక రాదు. బేరం రాకపోయినా ఆ రోజు లేదు. అందుకని బేరాలు వస్తూ ఉండాలి, ఒక్కటీ కుదరకూడదు. గాజులమ్మే ఆమెతో, ఊరూరూ తిరిగే భజన వాళ్ళతో తనే కబురు పంపేది. పేరాల నుంచి ఒకరు, రేపల్లె నుంచి ఒకరు, ఏడాదికి ముగ్గురో నలుగురో వచ్చేవారు. వచ్చినవాళ్ళకు బాంజోలో లేని లోపమొకటి చూపించి పంపేసేది.

నేను చూసిన బేరం రేపల్లె బ్యాండుమేళం పెద్దాయనది. ఆదివారం. అరుగు మీద చాప పరిచారు. మామ్మగారు గుమ్మం లోపల పీట వేసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఎప్పుడూ కొంగు నిండా కప్పుకుని, నడిచినా అడుగు వినపడకుండా తిరిగే అక్కయ్యగారు, ఆ రోజు కొంగు నడుముకు బిగించి, బాసిపట్టు వేసుకుని కూర్చుంది. శ్రుతి చెయ్యడానికే అరగంట పట్టింది. ఆ పెద్దాయన ఇక చాలమ్మా, బాగానే ఉందిగా అన్నా వినలేదు. శ్రుతి చెయ్యడం కూడా చూపించడంలో భాగమే కదా, ఆ అరగంటను ఆవిడ ఎందుకు వదులుకుంటుంది? విరిగిన దువ్వెన నుంచి కోసుకున్న బిళ్ళతో తీగల్ని మీటింది. ముందు ఒక కీర్తన, తర్వాత ఆ డ్రైవరు నేర్పిన ఇంగ్లీషు పాటలు, ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆవిడ ముఖం వైపు చూడడానికి నాకు మొహమాటం వేసింది. ఎవరూ లేరనుకుని ఏడుస్తున్న మనిషిని చూసినట్టు అనిపించింది.

సాయంత్రం ఇంకోసారి వాయించాక, నాలుగో తీగ బిగించే బిరడ జారుతుందండి, పెళ్ళిలో మధ్యలో జారితే మీకు మాట వస్తుంది అని ఆ పెద్దాయనకు చెప్పింది. ఆయన నిట్టూర్చి లేచాడు. మెట్లు దిగుతూ నాతో, ఈవిడ చేతికిస్తే బెల్లం కూడా అమ్ముడుపోదమ్మా అన్నాడు.

నేను ఆ మాట పట్టుకున్నాను. పాపం, ఈవిడకు అమ్మడం చేతకాదు, అతి నిజాయితీ కొంప ముంచుతోంది అని తీర్మానించుకున్నాను. సైన్సు టీచర్ని, పైగా ఇరవై రెండేళ్ళు. తప్పు కనిపిస్తే ఎర్రసిరాతో దిద్దకపోతే నిద్రపట్టని రోజులు. ఒక మంగళవారం ఆవిడ బాంజో తుడుస్తుంటే స్కూలు స్కేలు తెచ్చి మెడ మీద ఆనించి చూశాను. వెంట్రుకవాసి కూడా వంగలేదు. బిరడలు తిప్పి చూశాను, బిగువుగా ఉన్నాయి.

"అక్కయ్యగారూ, దీనికి ఏ లోపమూ లేదండి. మీరే అనవసరంగా భయపడుతున్నారు," అన్నాను.

"అలాగా," అంది ఆవిడ. తర్వాత, కంచంలో నెయ్యి ఎందుకు వదిలేస్తున్నావని నన్ను అడిగింది.

ఆ 'అలాగా' దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. దసరా సెలవలకు తెనాలి వెళ్ళినప్పుడు, నాటకాల వాళ్ళకు వాయిద్యాలు అద్దెకిచ్చే ఒకాయన మా బాబాయికి తెలుసంటే వెతుక్కుంటూ వెళ్ళి కలిశాను. బాంజో సంగతంతా చెప్పాను. లోపాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. స్కేలు పెట్టి చూశానండి, ఒక్కటీ లేదు అన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. ఆవిడ లేనిపోని లోపాలు చెబుతుంది, నమ్మకండి, అది ఆవిడ మంచితనం అని కూడా చెప్పాను. ఊరికి మహోపకారం చేసినదానిలాగా బండెక్కి బాపట్ల వచ్చాను.

ఆయన ఆదివారం పొద్దున పాసింజరుకు దిగాడు. బేరం వచ్చిందనగానే అక్కయ్యగారు స్నానం చేసి, తల ముడి వేసుకుని, కొంగు దోపుకుని చాప మీద కూర్చుంది. బాంజో ఒళ్ళోకి తీసుకుని మొదటి తీగ బిగించింది. రెండోది బిగించింది. మూడోదాని బిరడ మీద చెయ్యి వేసింది.

"శ్రుతి చెయ్యక్కర్లేదమ్మా," అన్నాడాయన. "తిరుగు బండికి వెళ్ళాలి. ధర మీరు చెప్పిందే ఇస్తాను."

"వినకుండా ఎలాగండి," అంది ఆవిడ. "దీనికి ఒక లోపం ఉంది..."

"లేదని టీచరమ్మగారు స్కేలు పెట్టి చూసి మరీ చెప్పారండి. మీరు చెబుతారనీ, నమ్మొద్దనీ కూడా చెప్పారు." ఆయన నవ్వుతూ మామ్మగారి వైపు తిరిగాడు. "ఎరిగినవాళ్ళ గేదెను పాలు చూడకుండానే తోలుకెళ్తాం కదండీ, మామ్మగారూ."

అందరం మామ్మగారి వైపు చూశాం. ఆవిడ కాసేపు ఆలోచించింది. న్యాయం తప్పే మనిషి కాదు.

"అదీ నిజమే. కొనేవాడికి నమ్మకముంటే చూపించే పనేముంది," అంది.

అక్కయ్యగారు తలెత్తి అత్తగారిని చూసింది. భర్తను చూసింది. ఆయన పైకప్పు వాసాలు చూస్తున్నాడు. చివరికి నన్ను చూసింది. నాకు కృతజ్ఞతలు చెబుతోందనుకున్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ముఖం నాకు చూసుకోబుద్ధి కాదు.

ఆవిడ బిగించిన రెండు తీగల్నీ మెల్లగా వదులు చేసింది. ప్రయాణంలో బిగువుగా ఉంచకూడదండి అని ఆయనకు చెప్పింది. ఇత్తడికి విభూది వాడాలని, నూనె ఎక్కువ రాస్తే దుమ్ము పడుతుందని, వానల్లో పొయ్యి గోడకు దగ్గరగా పెట్టుకోవాలని, తోలు చిరిగితే మేకతోలే వేయించాలని, పిల్లను కాపురానికి పంపేటప్పుడు అప్పగింతలు పెట్టినట్టు ఒక్కొక్కటే చెప్పింది. ఆయన బుర్ర ఊపుతూ గడియారం చూసుకున్నాడు. పట్టుచీర ముక్కతో సహా ఇచ్చేసి, ఎసరు మరుగుతోందంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఒక్క స్వరమైనా పలకలేదు.

నెల తర్వాత పక్కింటావిడ గోడ మీంచి అడిగింది, ఈమధ్య బేరాలు రావట్లేదేంటని. అమ్ముడుపోయిందండి, నేనే కుదిర్చాను అని గర్వంగా చెప్పాను. ఆవిడ చేతిలోని తడిబట్ట గోడ మీద పెట్టేసింది.

"నువ్వా అమ్మించింది? ఏడాదికి ఆ నాలుగు రోజులేగా ఆవిడ ఊపిరి పీల్చుకునేది. వీధిలో అందరికీ తెలుసే. నీకు ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెబితే మామ్మగారి చెవిన పడుతుందని వీధి వీధంతా తొమ్మిదేళ్ళు నోరు మూసుకుంది. ఒక్కరు కూడా ఎప్పుడూ నోరు జారలేదు. కొత్తగా వచ్చిన నేనే జారాను.

ఆ ఆదివారమే తెనాలి పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆయన దాన్ని అప్పటికే మద్రాసు వాళ్ళెవరికో అమ్మేశాడు. ఎవరికో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. తిరిగి వచ్చి అక్కయ్యగారితో చెబుదామనుకున్నాను, నోరు పెగల్లేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ గదిలోనే ఉన్నాను. ఆవిడ ఎప్పటిలాగే పచ్చడి పెట్టేది, జడ వేసేది, జ్వరం వస్తే మిరియాల కషాయం ఇచ్చేది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేది. పప్పుగుత్తి పట్టుకున్న ఆ చెయ్యి ఇప్పుడు పప్పు మాత్రమే మెదిపేది, నేను అటు చూడలేక కంచంలోకి చూస్తూ తినేదాన్ని. రేపల్లెకు బదిలీ వచ్చినప్పుడు అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం జైలు నుంచి విడుదలైనట్టు పెట్టె సర్దుకున్నాను. ఆవిడను అక్కడే వదిలేసి వచ్చానన్న సంగతి బండి కదిలాక గాని తట్టలేదు.

మళ్ళీ చూసింది పదేళ్ళ తర్వాత, డెబ్బైల్లో, తెనాలి స్టేషన్లో. నేను రేపల్లె బండి కోసం, ఆవిడ తమ్ముడింటి నుంచి బాపట్ల వెళ్ళే బండి కోసం చూస్తున్నాం. జుట్టు సగం నెరిసింది. మామ్మగారు పోయి ఏడాదయిందని చెప్పింది. నేను తెగించి, మరి ఇప్పుడైనా ఏదో ఒకటి కొనుక్కుని వాయించుకోవచ్చుగా అన్నాను.

ఆవిడ భుజాలు కదిలాయి. మామ్మగారి మాట ఇప్పుడు భర్త పట్టుకున్నాడట. తల్లి ఉన్నన్నాళ్ళూ వాసాలు లెక్కపెట్టిన మనిషి, తల్లి పోయాక అమ్మ మాట నిలబెట్టాలి అంటున్నాడట. అత్తగారు కళ్ళముందుంటే ఏదో ఒక న్యాయం చెప్పి ఒప్పించుకోవచ్చు, పోయినవాళ్ళను ఏం చెప్పి ఒప్పిస్తాం అంది.

అప్పుడు చెప్పాను, పదేళ్ళుగా గొంతులో ఉన్నదంతా. స్కేలు సంగతి, తెనాలి సంగతి, పక్కింటావిడ సంగతి. ఏడ్చాను కూడా. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"మెడ వంగుతుందని నాతోపాటు ఒక్క అబద్ధం చెప్పమని అడిగుంటే చెప్పేదానివేనా?" అంది.

"చెప్పేదాన్నండి. ఒట్టు."

"చెప్పేదానివే. నాకూ తెలుసు. నువ్వు స్కేలు పెట్టి చూసిన రోజు రాత్రి నీ గది గుమ్మం దాకా వచ్చాను కూడా. అడగడం చేతకాలేదమ్మా. ఆ ఇంట్లో ఏదైనా కావాలని అడగడం మానేసి అప్పటికే ఎన్నేళ్ళో అయింది. నోరు ఎలా తిప్పాలో మరిచిపోయాను."

రేపల్లె బండి వచ్చింది. నా సంచీ తనే అందుకుని కిటికీలోంచి అందించింది. బండి కూత వేస్తుంటే కిటికీ చువ్వలు పట్టుకుని వంగి, అక్కయ్యగారూ, మీకేం కావాలో చెప్పండి, ఏదైనా సరే, ఎక్కడున్నా తెచ్చిస్తాను అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. మూసుకుంది. చాలా కష్టమైన లెక్క ఇచ్చినట్టు కనుబొమలు ముడిచి ఆలోచించడం మొదలుపెట్టింది. బండి కదిలింది. ప్లాట్‌ఫారం దాటేదాకా చూశాను. ఆవిడ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.